బాయిలర్ సాయన్న, ఎగిరే కండలు

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది, చలికాలం. నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చాక బోధన్ చుట్టూ ఎటు చూసినా చెరుకే. ఆ చెరుకును నమ్ముకొని కొత్తగా లేచిన మిల్లులో అప్పుడు సీజన్ నడుస్తోంది. సీజన్ అంటే చెరుకు ఆడే నెలలు. ఆ నెలల్లో మిల్లు ఆగదు, బండ్ల వరస తరగదు, మా మిల్లు దవాఖానలో బల్ల ఖాళీగా ఉండదు. నిజామాబాద్‌లో నర్సు పని నేర్చుకున్న నన్ను ఆడకూలీల కోసమని అక్కడ పెట్టుకున్నారు. వచ్చేది మాత్రం ఎక్కువగా మగవాళ్లే. కొడవలి గాట్లు, ఆవిరికి కాలిన చేతులు, బండి చక్రం ఎక్కిన పాదాలు. ఆడవాళ్లు ఎంత నొప్పి ఉన్నా పని దిగిన తర్వాతే వచ్చేవాళ్లు.

మా డాక్టర్ సాబ్ హైదరాబాద్ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. రోగిని నవ్వించనిదే నాడి పట్టేవారు కాదు. నాకేమో నవ్వించే ఓపిక లేదు. "మందు ఎందుకు మింగలేదు?" అని నేను ఒక ఆడమనిషిని గద్దిస్తే, "సిస్టర్, ఆమె వచ్చింది దవాఖానకు, కోర్టు కచేరీకి కాదు" అని నన్ను సముదాయించేవారు. మా ఇద్దరి మధ్య పడి రోగులు ఎట్లనో బాగయ్యేవాళ్లు.

ఒకరోజు పొద్దున బాయిలర్ మిస్త్రీ ఇద్దరు మనుషులతో ఒక ఫైర్‌మన్‌ను మోయించుకొని వచ్చాడు. ఫైర్‌మన్ అంటే బాయిలర్ పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసే మనిషి. ఆ పొయ్యి ముందు మనం నిలబడితే కనురెప్పలు కాలినట్టు ఉంటుంది. ఆ మనిషి పేరు సాయన్న. మిల్లులో అందరికంటే బలశాలి అని పేరు. అట్లాంటి మనిషి బల్ల మీద ముడుచుకొని పడుకొని పళ్లు నూరుతున్నాడు. పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి. బిగువు సడలినప్పుడు మాత్రం తొడల మీద, భుజాల మీద చర్మం కింద కండ తనంతట తాను టపటపా ఎగురుతోంది, తడిబట్ట కింద కప్పపిల్లను కప్పెట్టినట్టు. ఆయన కాలు కదపడం లేదు, కండ మాత్రం ఎగురుతూనే ఉంది. దీన్ని మా భాషలో ఫాసిక్యులేషన్ అంటారు. కనురెప్ప అదరడం అందరికీ తెలిసిందే కదా, ఒళ్లంతా అట్లా అదిరితే ఎట్లుంటుందో ఊహించుకోండి.

"క్యా సాయన్నా, మిల్లు నడిపేది బాయిలరా, నువ్వా? గిట్ల కొట్టుకుంటున్నవ్?" అన్నారు డాక్టర్ సాబ్.

సాయన్న నవ్వబోయాడు. అంతలో కడుపు కండ బిగుసుకొని నవ్వు కాస్తా మూలుగైంది.

అతని ముంజేతి మీద మానుతున్న గాయం ఒకటి నాకు కనిపించింది. గాయం, బిగుసుకునే కండలు, ఈ రెండూ కలిస్తే ముందు గుర్తొచ్చేది ధనుర్వాతం. ఆ రోజుల్లో ధనుర్వాతం వచ్చిన మనిషి ఇంటికి తిరిగిపోవడం అరుదు. డాక్టర్ సాబ్ నవ్వు ఆపి, "నోరు తెరువు, పెద్దగ" అన్నారు. సాయన్న తెరిచాడు. దవడ సుఖంగా ఆడింది. ధనుర్వాతంలో మొదట మూతబడేది దవడే. ఇది ధనుర్వాతం కాదు.

"ఎప్పటి సంది ఉన్నది గిది?" అని అడిగాను.

"మిల్లు షురువైనంక జర దినాలకే షురువైంది, నర్సమ్మ. ముందుగాల పిక్కలే ఎగురుతుండె. కుడి దిక్కు ఎగిరితే మంచిదేనని మావోళ్లు నగిండ్రు. ఇప్పుడు రెండు దిక్కుల ఎగురుతున్నయ్."

"నీళ్లు తాగుతున్నవా?"

"మస్తు తాగుతున్న. కుండలకు కుండలు తాగుతున్న. చెర్కు రసం గూడ తాగుతున్న. తాగినకొద్ది ఎక్కువైతుంది."

ఆ మాటకు డాక్టర్ సాబ్ తల ఎత్తారు. బొగ్గు గనుల్లో, బట్టీల దగ్గర పనిచేసేవాళ్లకు చెమటతో పాటు ఒంట్లో ఉప్పు కారిపోయి కండలు పట్టేస్తాయని ఆయన చదివి ఉన్నారు. ఉప్పు పోయిన ఒంటికి ఉత్త నీళ్లు పోస్తే ఉన్న ఉప్పు కూడా పలచబడుతుంది. మిల్లులోనేమో ఎవరికి కళ్లు తిరిగినా చెరుకు రసమే మందు. దాహానికీ అదే, నీరసానికీ అదే, గాలి సోకిందన్నా అదే. తోటివాళ్లు ప్రేమతో సాయన్నకు చెంబుల కొద్దీ రసం పట్టించి కండలు ఇంకా ఎగిరేట్టు చేశారు.

"కాని మిగతా ఫైర్‌మన్లకు ఎందుకు కాలేదు?" అన్నారు ఆయన. "అదే పొయ్యి, అదే చెమట."

ఉప్పు సంగతి తేల్చడానికి మా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉండేది. మూత్రం కొంచెం టెస్ట్ ట్యూబులో తీసుకొని, అందులో ముందు ఆసిడ్ చుక్క, తర్వాత సిల్వర్ నైట్రేట్ అనే మందునీళ్ల చుక్కలు వేయాలి. ఒంట్లో ఉప్పు సరిపడా ఉంటే పాలు విరిగినట్టు తెల్లగా ముద్ద కడుతుంది. పోల్చి చూడడానికి పక్క ట్యూబులో మిస్త్రీది పోశాను. మిస్త్రీది పెరుగైంది. సాయన్నది నిమ్మళంగా నీళ్లలాగే ఉండిపోయింది. చెమటలో పోవడం ఒక్కటే కాదు, ఈ మనిషి నోట్లోకి అసలు ఉప్పే పోవడం లేదేమోనని అప్పుడు అనుమానం వచ్చింది.

"ఏం తింటున్నవ్ సాయన్న?"

"గట్క," అన్నాడు. అంటే జొన్నరవ్వ సంకటి.

"గట్కల ఏమేసుకుంటవ్? పచ్చి పులుసా, మిరపకాయ తొక్కా?"

"పాలు. బెల్లం."

"తొక్కెందుకు తింటలేవు?"

సాయన్న గోడ వైపు తిరిగాడు. నేను రెట్టించాను, గద్దించాను. గ్లాసులో ఉప్పునీళ్లు కలిపి తెచ్చి పెదవుల దగ్గర పెడితే, పిక్క బిగుసుకొని విలవిలలాడుతూ కూడా ఆ మనిషి చేత్తో గ్లాసును మెల్లగా పక్కకు తోశాడు. విసిరికొట్టలేదు. చిన్నపిల్లవాడిని పక్కకు జరిపినట్టు తోశాడు. నాకు కోపమొచ్చి, "సస్తవా ఏంది?" అనేశాను.

"సావనీకి నాకేం సరదా, నర్సమ్మ?" అన్నాడు, అంతే.

అంతలో భార్య వచ్చింది. పేరు లింగవ్వ. చెరుకు కొట్టే దగ్గర కబురు విని, మోకాళ్ల దాకా మట్టితో, చంకలో పిల్లతో పరుగెత్తుకొని వచ్చింది. పిల్ల పేరు గంగు. ఎత్తుకునే వయసు దాటిన పిల్లే. కాళ్లు మాత్రం గుడ్డపేలికల్లా వేలాడుతున్నాయి. పోయిన వానల్లో జ్వరం వచ్చి, అది తగ్గేసరికి నడక పోయిందట.

లింగవ్వ భర్తను చూసింది, బల్ల మీది గ్లాసును చూసింది. "ఉప్పా?" అని అడిగింది. నేను తలూపాను. ఆమె కింద కూలబడి అప్పుడు చెప్పింది. పిల్ల కాళ్లు పడిపోయిననాడు సాయన్న లింబాద్రి గుట్ట నర్సింహ సామికి మొక్కుకున్నాడు. పిల్ల తన కాళ్ల మీద నడిచేదాకా ఇంట్లో ఒక నోరు ఉప్పు ముట్టదని, ఆ నోరు తనదని. మొక్కు బయట చెబితే ఫలం పోతుందని భయం. అందుకే మనిషి గోడ వైపు తిరిగాడు.

"ఇగ జెప్పిన, ఏమైతదో కానీ" అని లింగవ్వ ముఖం తుడుచుకుంది.

మిస్త్రీ నాందేడ్ మనిషి, మెత్తటివాడే. అయినా అతని బాధ అతనిది. "మాణూస్ చాంగ్లా ఆహే" అన్నాడు, మనిషి మంచివాడేనని. కాని పొయ్యి ముందు మనిషి పట్టేసి లోపలికి పడితే ఎవరు జవాబుదారి, కండలు కుదురుకోకపోతే వేరే మనిషిని పెట్టుకోక తప్పదు అని కూడా అన్నాడు. ఆ పని పోతే సాయన్నకు ఇల్లు గడవదు, పిల్లకు మందూ ఉండదు.

నేను డాక్టర్ సాబ్‌ను పక్కకు పిలిచాను. సెలైన్ ఉంది. అంటే సూదితో నేరుగా ఒంట్లోకి ఎక్కించే ఉప్పునీళ్లు. "బలానికి సూది అని చెప్పి ఎక్కించేద్దాం సాబ్. నోట్లో పెట్టినట్టూ కాదు, మొక్కు చెడినట్టూ కాదు" అన్నాను. నర్సులు ఇట్లాంటి ఉపాయాల్లో ఆరితేరి ఉంటారు.

ఆయన తల అడ్డంగా ఊపారు. తర్వాత మెల్లగా, "నేను రంజాన్‌లో రోజా ఉన్నప్పుడు నాకు తెలియకుండా ఎవడన్నా నా నోట్లో నీళ్లు పోస్తే, వాణ్ని నేను మాఫ్ చేస్తానా సిస్టర్? ఆయనకు చెప్పే ఎక్కిస్తా. ఆయన వద్దంటే ఆయన కాళ్ల దగ్గర కూర్చొని బతిమాలుకుంటా" అన్నారు. అన్నట్టే వెళ్లి బల్ల పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నారు. పెద్ద చదువు చదివిన మనిషి, ఒక ఫైర్‌మన్ పాదం పట్టుకొని పిక్కను రుద్దుతూ బతిమాలడం నేను అప్పుడే చూశాను. ఆ మనిషి దగ్గర పనిచేసినందుకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

సాయన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "నీ మాట కొట్టేస్తలేను సాబ్. నా బిడ్డ కాళ్లు గా మొక్కుల ఉన్నయ్. నేనెట్ల ఉప్పు ముట్టుత?"

లింగవ్వ లేచింది. పిల్లను నా చేతుల్లో పెట్టింది. మా మందుల బల్ల మీది డబ్బాలోంచి గుప్పెడు రాళ్ల ఉప్పు తీసుకుంది. మా వైపు ఉప్పును ఎవరూ చేతి నుంచి చేతికి ఇవ్వరు. కింద పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి, చేతికిస్తే కొట్లాట అవుతుందంటారు. లింగవ్వ నేరుగా మొగుడి అరచేయి విప్పి, అందులో ఉప్పు పోసి, వేళ్లు మూసింది.

"ఏమే, చేతికిస్తున్నవ్!" అన్నాడు సాయన్న, అంత నొప్పిలోనూ ఉలిక్కిపడి.

"కొట్లాటైతే కానీ. గంగు బాపూ, ఇను. ఇంట్ల ఒక్క నోరు ఉప్పు ముట్టదని గదా మొక్కినవ్? గది నీ నోరే కావాల్నా? పెండ్లిల ఇద్దరి కొంగులు ముడేసిండ్రు, ఉత్తగనే ఏసిండ్రా? ఇయ్యాల్టి సంది గా నోరు నాది. సామిని నేను అడుగుత. కోపమొస్తే నా మీదికి రానీ."

"నువ్వు చెర్కు కొట్టేదానివి. ఎండల..."

"పొయ్యి ముంగట లేను గదా. తాగు."

సాయన్న గుప్పిట తెరిచి, ఉప్పు వైపు చాలాసేపు చూసి, దాన్ని తానే గ్లాసులో వేసుకున్నాడు. లింగవ్వ పట్టుకుంటే గుక్క గుక్కగా తాగాడు. తర్వాత సెలైన్‌కు కూడా చెయ్యి చాపాడు. మధ్యాహ్నానికి పిక్కలు మెత్తబడ్డాయి. ఎగురుతున్న కండలు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. సాయంత్రం లేచి కూర్చొని ఆకలవుతోందన్నాడు. లింగవ్వ ఇంటికి పోయి పచ్చిమిరపకాయ తొక్కు, గట్క తెచ్చింది. ఆయన తింటుంటే కళ్లార్పకుండా చూసింది. తాను మాత్రం పక్కన కూర్చొని ఉత్త గట్క, బెల్లం తింది.

డాక్టర్ సాబ్ ఆమెకు చెరుకు కొట్టే పని మాన్పించి నీడపట్టున పని ఇప్పించారు. వారానికొకసారి, అంగడి రోజున, వచ్చి కనబడాలని షరతు పెట్టారు. బాయిలర్ దగ్గర మిగతా ఫైర్‌మన్ల కోసం ఉప్పు కలిపిన మజ్జిగ కుండ పెట్టించారు. సాయన్న మళ్లీ పొయ్యి ముందు నిలబడ్డాడు. లింగవ్వ మాట తప్పలేదు. ఒకసారి పచ్చడి వాసనకు ఆమె ముఖం పక్కకు తిప్పుకోవడం నేను చూశాను.

పిల్లకు కాడ్ లివర్ ఆయిల్ పట్టించాం, లింగవ్వ రోజూ కాళ్లు రుద్దింది. గంగు మొదట గోడ పట్టుకొని నిలబడింది. తర్వాతి వానల్లో నడిచింది. మందు వల్లనో, రుద్దడం వల్లనో, మొక్కు వల్లనో తీర్పు చెప్పడం నా పని కాదు. జ్వరం తర్వాత పోయిన నడక చాలామంది పిల్లలకు దానంతటదే వస్తుందని డాక్టర్ సాబ్ అన్నారు. అంటూనే గుట్టకు పోయే బండికి ఎడ్లు దొరికాయా అని సాయన్నను మూడుసార్లు అడిగారు.

గుట్ట నుంచి వచ్చాక లింగవ్వ దవాఖానకు వచ్చింది. ఎన్నో ఏళ్లు పనిచేశాను, ఎందరో రోగులను చూశాను, కాని ఈ కేసు తర్వాతే నా ప్రశ్నలు మారాయి. అంతకుముందు ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని అడిగేదాన్ని. ఆ తర్వాత నుంచి ఇంట్లో ఎవరేం తింటున్నారో, ఎవరేం మానుకున్నారో, ఎవరి కోసమో కూడా అడగడం నేర్చుకున్నాను. అదీ గద్దించకుండా. ఆ రోజు మాత్రం నొప్పి సంగతే అడిగే నా పాత అలవాటు మానలేక, "అన్ని నెలలు సప్పిడి తిండి ఎట్ల తిన్నవ్ లింగవ్వా, కష్టం కాలేదా?" అని అడిగాను.

లింగవ్వ నన్ను వింతగా చూసింది.

"గదేం కష్టం, నర్సమ్మ? అంతకు ముందుగాల ఆయన సప్పిడి తింటుంటె, నేను ఆయన ముంగట కూసొని ఉప్పేసుకొని తిన్న. గా బువ్వ నాకెట్ల దిగిందో గదడుగు."