శ్రావణి ఫారంలో నేను కొట్టేసిన మాట

రాజమహేంద్రవరంలో చిన్నపిల్లల ఎదుగుదలను పరీక్షించే ప్రభుత్వ కేంద్రానికి నన్ను స్పెషల్ ఎడ్యుకేటర్‌గా వేసి అప్పటికి రెండో ఏడాది. ఆగస్టు నెల. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది. హాసినీ, అభీ, మొన్న ఫోన్లో మీరిద్దరూ అమ్మమ్మ డాక్టరా టీచరా అని వాదులాడుకున్నారు కదా. రెండూ కాదమ్మా. బడి వయసు రాని పిల్లల్లో ఎవరికి ప్రత్యేకంగా చదువు చెప్పించాలో తేల్చే ముగ్గురిలో అప్పట్లో నేనొకదాన్ని. మిగతా ఇద్దరూ పిల్లల డాక్టరుగారూ, చెవి పరీక్ష చేసే ఆయనా.

పిల్లకి మాట రాలేదని అమ్మ చెప్పినంత మాత్రాన ఆ సేవలు రావు. ముందు ఊళ్లో అంగన్వాడీ టీచరు గమనించాలి. ఊళ్లకి తిరిగే స్క్రీనింగ్ టీము వచ్చి, తమ ప్రశ్నల జాబితా ప్రకారం చూసి, అనుమానం ఉంటే స్లిప్పు రాసి మా దగ్గరికి పంపాలి. మేం కన్ను, చెవి, ఆరోగ్యం చూస్తాం. తర్వాత నేను పిల్లతో చాప మీద కూర్చుని ఆడిస్తూ నడక, చేతిపని, మాట, అర్థం చేసుకోవడం, నలుగురితో కలవడం, ఒక్కోదాంట్లో ఏ వయసు పిల్లలా ఉందో రాస్తాను. బాగా వెనకబడి ఉన్నా అర్హత అప్పుడే తేలదు. ఫారం చివర ఒక గడి ఉంటుంది. ఈ వెనకబాటు నేర్చుకునే అవకాశం దొరక్క వచ్చిందా అని. అక్కడ 'అవును' అని రాస్తే ప్రత్యేక సేవలుండవు. అంగన్వాడీకి పంపండి, ఆర్నెల్ల తర్వాత రండి అంటాం. 'కాదు' అని రాసి ముగ్గురం సంతకాలు పెడితే, తల్లిదండ్రులు ఒప్పుకుంటే, మండల కేంద్రంలో వారానికి రెండు రోజులు టీచరు దొరుకుతుంది. నాలుగేళ్ల పిల్లకి ఆర్నెల్లంటే తక్కువ కాదు. ఆ గడి నింపడం నా పని.

ఆ నెలలో ఒక మంగళవారం నూకరత్నం అనే ఆవిడ తన చిన్నకూతురు శ్రావణిని తీసుకొచ్చింది. రామచంద్రపురం అవతల రొయ్యల చెరువులకి భర్త కాపలా. కాపురం చెరువు గట్టు మీదే. పిల్లకి నాలుగేళ్లు నిండబోతున్నాయి, ఒక్క మాట లేదు. చెవి పరీక్షలో లోపం కనపడలేదు. నా చాప మీద ఆ పిల్ల చెక్కబిళ్లలు పేర్చలేదు, బొమ్మలకేసి చూడలేదు. నా టిఫిన్ డబ్బా మూత తీసుకుని, ముఖానికి దగ్గరగా పెట్టుకుని తిప్పుతూ కూర్చుంది. పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. మెట్ల బల్ల ఎక్కమంటే మొదటి మెట్టు దగ్గరే నిలబడిపోయింది.

ఎత్తి కూర్చోబెడుతుంటే గౌను పైకి జరిగింది. నడుం చుట్టూ నల్లబడిన మచ్చ. ఏంటమ్మా ఇది అనడిగితే, మొలతాడు ఒరుసుకుందండి అంది నూకరత్నం, నా ముఖం చూడకుండా. మొలతాడు సన్నగా ఉంటుంది. ఆ మచ్చ రెండు వేళ్ల వెడల్పుంది.

అక్కణ్ణించి ఆవిడ చెప్పిన ప్రతి మాటనీ నేను అనుమానంగానే విన్నాను. పిల్ల రోజంతా ఏం చేస్తుందని అడిగితే ఆడుకుంటుందంది. ఎవరితో అంటే అక్కతో అంది. అక్క ఎప్పుడు ఇంట్లో ఉంటుందంటే, మూడో తరగతండి, సాయంత్రం వస్తాదండి అంది. మరి పొద్దుటినుంచి సాయంత్రం దాకా? ఆవిడ పిల్ల గౌను కిందికి సర్దింది. నేను రాసుకుంటున్న కొద్దీ ఆవిడ జవాబులు పొట్టివైపోయాయి. దాపరికం ఉన్నవాళ్లు అలాగే ఉంటారనుకున్నాను.

వాళ్లు వెళ్లాక ఆ ఊరి అంగన్వాడీ టీచరు సత్యవతిగారికి ఫోన్ చేశాను. "పిల్లని మా దగ్గరికి పంపదండి. ఎప్పుడెళ్లినా గుంజకి కట్టేసి ఉంటాది, దూడపెయ్యని కట్టినట్టు," అందావిడ.

నాకన్నీ సరిపోయాయి. కట్టేసిన పిల్ల మెట్లెలా ఎక్కుతుంది? పలకరించే దిక్కు లేని పిల్లకి మాటెలా వస్తుంది? మా పద్ధతి ప్రకారం ఇల్లు చూసి వచ్చాకే ఆ చివరి గడి నింపాలి. నేను ముందే నింపేశాను. 'అవును, కట్టి ఉంచడం వల్ల' అని సిరాతో రాశాను. తల్లి మీద పిల్లల సంక్షేమ అధికారులకి కూడా తెలియజేయాలేమోనని డాక్టరుగారితో అన్నాను. ఆయన అన్నీ విని, ముందు ఇల్లు చూసి రండి అని మాత్రం అన్నారు.

శుక్రవారం సత్యవతిగారూ నేనూ ఆటో దిగి గట్టు వెంబడి నడిచాం. రెండు పక్కలా చెరువులే. మధ్యలో ఒక తాటాకు పాక. దాని గుంజకి పాత చీర పేని కట్టిన తాడు, తాడు చివర శ్రావణి. తాడెంత పొడుగుందో చూశాను. పిల్ల ఎంత సాగినా నీళ్లకి మూరెడు ఇవతలే ఆగుతుంది. అది కళ్లతో చూసి కూడా నా అనుమానం తగ్గలేదు. మరి మొలతాడని ఎందుకు చెప్పావమ్మా అని అడిగాను.

నూకరత్నం సత్యవతిగారి వైపు చూసింది. కట్టేస్తే పిల్లని గవర్నమెంటోళ్లు పట్టుకుపోతారని టీచరుగారే అన్నారండి అని చెప్పింది. సత్యవతిగారు, ఏదో నవ్వులాటకి అన్నానండి, అని చెరువుకేసి చూశారు.

"మీరేమో నేను నోరిప్పితే చాలు రాసేసుకుంటున్నారు," అంది నూకరత్నం. "ఏం రాస్తన్నారో నాకేం తెలుసండి?"

నేను పుస్తకం మూసి సంచిలో పెట్టాను. పిల్లని ఎప్పటినుంచి కడుతున్నావని అప్పుడడిగాను. మంగళవారమే అడగాల్సిన ప్రశ్న అది.

"నడక బాగా వచ్చినకాడ్నించండి. పెద్దది కూడా ఈ గట్టు మీదే పెరిగింది మేడంగారూ, దాన్ని ఒక్క రోజు కట్టలేదు. ఆగవే అంటే ఆగేది. ఇది ఆగదు, పిలిస్తే తిరగదు. ఏరేటర్ వేస్తే మటుకు నీళ్లకేసి పోతాది. నేను మేత జల్లడానికెళ్లి రెండుసార్లు నీళ్లలోంచి తీశానండి."

ఏరేటర్ అంటే చెరువులో గాలి కలపడానికి కరెంటుతో తిరిగే చక్రాలు. ఆవిడ ముడి విప్పింది. తను వెళ్లి నీళ్లంచున నిలబడి, స్విచ్చు వేయమని, మోటారు దగ్గరున్న భర్తకి చెయ్యి ఊపింది. చక్రాలు తిరగడం మొదలవగానే శ్రావణి లేచి పరుగెత్తింది. నేను పిలిచాను. సత్యవతిగారు పిలిచారు. మేం పిలిచినట్టే లేదు దానికి. చక్రాల చప్పుడు మాత్రం అంత దూరం నుంచీ వినపడింది. చివరి అడుగులో తల్లి పట్టుకుంది. ఆ పట్టులో తొట్రుపాటు లేదు, రోజూ చేసే పనిలా ఉంది.

టిఫిన్ డబ్బా మూత తిప్పిన పిల్ల ఎందుకు తిప్పిందో, పేరు పెట్టి పిలిస్తే ఎందుకు చూడలేదో, నాకప్పుడు అర్థమైంది. ఆ రెండూ మొదటి రోజే నా కాగితం మీద ఉన్నాయి. నడుం మీద మచ్చ కనపడ్డాక వాటిని నేను మళ్లీ చదవలేదు. తాడు వల్ల మెట్లెక్కడం ఆలస్యమై ఉండొచ్చు. కానీ పిలిస్తే తిరగకపోవడం తాడు వల్ల రాలేదు. తాడే దానివల్ల వచ్చింది.

సోమవారం మీటింగులో నా రాత కొట్టేసి 'కాదు' అని రాశాను. కొట్టేసిన చోట కారణమూ, పొట్టి సంతకమూ ఉండాలని డాక్టరుగారు పట్టుబట్టారు. 'ఇల్లు చూడకుండా రాసినందువల్ల' అని రాసి సంతకం పెట్టాను. ముప్పయ్యేళ్ల సర్వీసులో అలాంటి వాక్యం అదొక్కటే. పిలిస్తే పలకకపోవడాన్నీ, తిరిగే వస్తువుల మీద ధ్యాసనీ ఆటిజం లక్షణాలుగా నమోదు చేసి, పై పరీక్షలకి రాసి, శ్రావణికి అర్హత ఇచ్చాం. దాని కోసం వేసుకున్న ప్రణాళికలో మొదటి అంశం అక్షరాలూ కాదు, రంగులూ కాదు. పిలిస్తే ఆగడం. రెండోది, తాడు బదులు పాక చుట్టూ పాత వలతో కంచె. తండ్రి ఆ వారమే కట్టేశాడు.

తల్లి ఒప్పుకోలు తీసుకునేటప్పుడు నూకరత్నం ఆ ఫారం మొత్తం చదివి వినిపించమంది. కొట్టేసిన మాటతో సహా చదివాను. అది విన్నాకే వేలిముద్ర వేసింది. ఏడాది తిరిగేసరికి శ్రావణి నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి ఆగుతోందని మండల కేంద్రం టీచరు చెప్పింది. కంచె మాత్రం ఇంకా తీయలేదంది.

మా పనిలో అనుమానపడక తప్పదు. అది లేకపోతే దెబ్బలు తిన్న పిల్లల్ని కూడా దాటిపోతాం. కాకపోతే రెండు విషయాలు పక్కపక్కన కనపడినప్పుడు ఏది ముందొచ్చిందో ఇంట్లోవాళ్లని అడగాలి. అదే ఇంట్లో పెరిగిన ఇంకో బిడ్డ ఎలా ఉందో కూడా అడగాలి. ఈ రెండు ప్రశ్నలకీ జవాబు తెలిసేదాకా ఆ గడి ఖాళీగా ఉంచాలి. ఆ తర్వాత నాలుగేళ్లూ నేను అలాగే ఉంచాను.