రెండు దొంతర్ల మూతలు

ఈ మాట నాలో ఏళ్ల తరబడి బరువుగా ఉండిపోయింది. ప్రార్థనలో కూడా దాని చుట్టూ తిరిగి వచ్చేసేదాన్ని. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా చెల్లెల్ని కరుణ అందాం. అసలు పేరు అది కాదు. మిషిగన్‌లో ఒక యూనివర్సిటీలో కాలేయ కణాల మీద పరిశోధన చేసేది. పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో, నా భర్త పోయాక, నన్ను తన దగ్గరికి పిలిపించుకుంది. చిన్నప్పుడు బడికెళ్లింది తను. నాకు అప్పటికి ఏ భాషలోనూ అక్షరం రాదు. తన ల్యాబ్‌లోనే గాజుసామాను కడిగే పని ఇప్పించింది.

ఎలుక కాలేయం నుంచి తీసిన కణాలను చిన్న మూతల పళ్లేల్లో పెంచేది. కొద్ది రోజులకే అవి చచ్చిపోయేవి. ఒక హార్మోను వాటిని ఇంకొన్నాళ్లు బతికిస్తుందా అన్నది తన ప్రశ్న. సగం పళ్లేలకు హార్మోను కలిపిన ద్రవం, సగానికి ఉత్త ద్రవం. ఏది ఏదో మూతల మీదే రాసేది. ఆదివారమైనా వాటికి ద్రవం మార్చాల్సిందే. నేను పక్కన నిలబడి చూసేదాన్ని. నువ్వు వీటికి పెద్దమ్మవి అని నవ్వేది. ఆ గదిలో, ఆ తెల్లకోటు పక్కన, నాకూ ఏదో చదువు అబ్బినట్టుండేది. ఇప్పటికీ కలలో అక్కడికే వెళ్తుంటాను.

ఒక ఈస్టర్ ఆదివారం మా తెలుగు సంఘంలో తను పాడాలి. ఆరాధన మానేసి ల్యాబ్‌కి పోతుందని అప్పటికే ఆడవాళ్లు చెవులు కొరుక్కుంటున్నారు. నువ్వు వెళ్లు, నేను మారుస్తానన్నాను. తను కాసేపు ఆలోచించి, రెండు సీసాలకు రెండు రంగుల టేపులు అంటించి, ఏ వరుసకు ఏ రంగో చూపించింది. ఒక్కొక్క మూతే తీసి, పోసి, వెంటనే మూసెయ్యమంది.

నేను అలా చేయలేదు. విందుల్లో బంతి వడ్డించిన చెయ్యి నాది. అన్నీ పరిచి, ఒక చివర నుంచి పోసుకుంటూ పోవడమే తెలుసు. అలాగే మూతలన్నీ తీసి రెండు దొంతర్లుగా పెట్టాను. పోశాను. తీరా చూస్తే ఏ దొంతర ఏ వరుసదో గుర్తులేదు. మూతల మీద రాత ఉంది. నాకు అవి గీతలు. చర్చికి ఫోన్ చేసి అడగాల్సింది. చేయలేదు. ఊహించి మూసేశాను.

మర్నాడు ఫలితం చూసే రోజు. మూతల ప్రకారం హార్మోను అందినవి చచ్చాయి, అందనివి బతికాయి. అందరూ అనుకుంటున్నదానికి పూర్తిగా తలకిందులు. కరుణ నన్ను గట్టిగా వాటేసుకుంది. అప్పుడే చెప్పాల్సింది. ఆ కౌగిలి వదులుకోలేకపోయానేమో.

తను ఆ సంగతి పెద్ద సభలో చెప్పింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా అది మళ్లీ రాలేదు. రెండేళ్లు దాని వెంటే తిరిగింది. ఒకరోజు ఇంటికొస్తూ, కారు ఆపి అడిగింది.

"అక్కా, ఆ ఈస్టర్ రోజు మూతలు గానీ మారాయా? కోప్పడను, చెప్పు."

"లేదే. మూత పెట్టడం కూడా రాదనుకున్నావా నాకు?"

"సారీ అక్కా. నా ఎక్స్‌పెరిమెంట్ ఫెయిలైతే నీ మీదికి తోస్తున్నా చూడు."

ఎందుకు అబద్ధమాడాను? ఇక ఆ గదిలోకి రానివ్వదనా? అంతేనా? అంత చదివిన చెల్లెలి పనిలో ఒక్కసారైనా నా చెయ్యి ఉందని, అది కాస్తా చెడగొట్టిన చెయ్యేనని తేలడం భరించలేక కాదా?

ఒక్కసారి వచ్చినదానికే తొందరపడిందని అందరూ అన్నారు. ఉద్యోగం పొడిగించలేదు. శాంటా క్లారాలో ఒక కంపెనీలో చేరింది. అక్కడ ఎవరో అడిగిన ప్రశ్నలకు జవాబులు వెతుకుతుంది. నన్నూ రమ్మంది. ఏ ముఖంతో వెళ్లను? పాస్టరుగారి భార్య దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. చెల్లెలికి ఉత్తరాలు రాశాను. మంచు గురించి రాశాను, కూరల గురించి రాశాను.

పోయిన ఆదివారం ఫోన్‌లో, తన చేతిలో పనితనం లేదని అప్పుడే తెలిసిందనీ, అందుకే సొంత పరిశోధన వదిలేశాననీ మామూలుగా అనేసింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తను తెలుగు పత్రికలు తెప్పించుకుంటుంది. ఇది చదివితే పోల్చుకుంటుంది. ఇక ఫోన్ చేయకపోవచ్చు. చేయకపోయినా సరే, నేను రాయాల్సింది రాశాను. తప్పింది నీ చెయ్యి కాదమ్మా.