ఆపేసిన అలారం

మావారు సినిమా సెట్లలో లైటింగ్ పని చేసేవారు. నిరుడు పైనుంచి పడి తలకు దెబ్బ తగిలింది. పాతవన్నీ గుర్తున్నాయి, ఇప్పటి పనులే గుర్తుండవు. ఫోన్లో అలారం మోగగానే లేచి, అందులో రాసి ఉన్న పని చేయడం థెరపిస్టు నేర్పించారు. షేక్‌పేటలో ట్యూషన్ నుంచి మా పాపను ఆయన అలాగే తెచ్చేవారు.

ఆ శనివారం ఫిల్మ్‌నగర్ గుడిలో సహస్రనామ పారాయణ. ఆయన పారాయణలో కూర్చున్నారు, నేను వంటశాలలో పులిహోర కలుపుతున్నాను. అలారం మోగగానే, పారాయణ నడిపించే పెద్దావిడ ఫోన్ లాక్కుని ఆపేశారట. ఆయన మళ్లీ నామాల్లో మునిగిపోయారు.

నాకు తెలిసేసరికి చీకటి పడింది. పరుగున వెళితే, మూసిన ట్యూషన్ గేటు ముందు పాప ఒక్కతే వెక్కుతోంది.

తిరిగొచ్చి నిలదీస్తే ఆవిడ, "వెయ్యి నామాలు చూడకుండ చదివేటాయనకు బిడ్డ యాదికుండదా? గిదంతా నాటకం!" అన్నారు.

"నామాలు చిన్నప్పుడు నేర్చినవండీ! నడవలేనివాడి చేతికర్ర లాక్కోవడం ఏం భక్తి?" అని అరిచాను. గుడిలో గొంతెత్తడం నాకదే మొదలు.

మరుసటి శనివారం ఆ ఫోన్‌ను దీపం పక్కనే పెట్టి కూర్చున్నాను. మోగింది. ఆవిడ చెయ్యి కదిలింది. "ముట్టుకోకండి" అన్నాను. ఆయన నామం మధ్యలోనే లేచి, స్వామికి దణ్ణం పెట్టి, పాప కోసం వెళ్లారు. ఆ దణ్ణం స్వామికి చేరిందని నా నమ్మకం. ఆవిడ మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.