మూడో అర

తిరువూరు బస్టాండు ఎదుట మందుల షాపు పెట్టినప్పుడు రామనాథ్ కడుపు మందులూ, షుగరు మాత్రలూ అన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో సర్దాడు. భార్య రమాసుందరి ఫక్కున నవ్వింది.

"పెనుగొలను నుంచి వచ్చే ముసలమ్మ మీకు అక్షరాలు చెప్తుందేంటండీ? బాధ చెప్తుంది గానీ!"

మందులన్నీ కిందికి దింపి, మూడు అరలుగా విడదీసి, తన చేత్తో చీటీలు రాసి అంటించింది. గ్యాసు, విరేచనాల మందులకు 'తిన్నది అరగకపోతే'. షుగరు మాత్రలకు 'తిన్నది ఒంటబట్టకపోతే'. ఆకలి పుట్టించే సిరప్పులకు 'తినబుద్ధి కాకపోతే'. ఆ మూడో చీటీ అడుగున చిన్న అక్షరాలతో, 'ముందు ఇంట్లో చెప్పండి'.

కొన్నేళ్ళకు మాయదారి క్యాన్సరు వచ్చి, ఆమెచేత మూడు అరల మందులూ మింగించి మరీ తీసుకుపోయింది.

కర్మలయ్యాక రామనాథ్ మళ్ళీ షాపు తెరిచాడు. వినగడప నుంచి మందులకొచ్చిన శివపార్వతి అతణ్ణి చూసి నొచ్చుకుంది.

"అదేంటండీ, ఇలా చిక్కిపోయారు? అన్నం తింటున్నారా?"

"తినబుద్ధి కావట్లేదమ్మా."

ఆ మాట అంటుండగానే, అలవాటు కొద్దీ అతని చెయ్యి మూడో అర మీదికి పోయింది. సీసా అందుకోబోతూ చీటీ చదివాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇంట్లో ఎవరికి చెప్పాలో మాత్రం ఆ మహాతల్లి రాయలేదు.