పిన్నిగారి బుధవారాలు

పోయిన ఆదివారం మా పక్కింటి పిన్నిగారు పోయారు. మధ్యాహ్నం భోంచేసి, వసారాలో కుర్చీలో కూర్చున్నారు. కునుకు తీస్తున్నారనుకున్నారు ఇంట్లోవాళ్లు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టరు. కబురు విని నేను పరుగెత్తుకెళ్లేసరికి ఆవిడ వీపు కుర్చీకి ఆని నిటారుగానే ఉంది. ఆ నిటారు కోసం మేమిద్దరం మూడేళ్లు తిప్పలు పడ్డాం.

మా ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇళ్లకు కొదవ లేదు. అయినా ఆవిడ తీసినంత పల్చటి రేకు నేను మరెక్కడా చూడలేదు. బోర్లించిన కుండ ముందు నలభై ఏళ్లు వంగి కూర్చున్న మనిషి. ఒకరోజు కుచ్చిళ్లు నేలకు రాస్తుంటే, "ఈ మధ్య చీరలకి పన్నా ఎక్కువ పెడుతున్నారే అమ్మాయ్" అన్నారు. నేనూ నిజమే అనుకున్నాను. ఆవిడే పొట్టి అవుతున్నారని మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ నెలలోనే గడప దగ్గర తూలి చెయ్యి ఆనించారు. అంతమాత్రానికే మణికట్టు విరిగింది. అమలాపురంలో పరీక్ష చేసి, ఎముకలు గుల్లబారాయని వారానికో మాత్ర రాశారు. పొద్దున్నే పరగడుపున, పెద్ద గ్లాసుడు మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట ఏమీ తినకూడదు, నడుం వాల్చకూడదు. డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటకీ పిన్నిగారు "ఆయ్" అంటూ తలూపారు.

రెండు నెలల తర్వాత, ఆవిడ చేతికి ఇంకా బలం రాలేదని నేను దేవుడి పటాలు తుడుస్తున్నాను. అప్పనపల్లి బాలబాలాజీ పటం వెనక మాత్రల అట్టలు దొరికాయి. రెండే రెండు మాత్రలు ఖర్చయ్యాయి. నాకు ఒళ్లు మండింది.

"దీపం పెట్టకుండా నోట్లో ఏం వేసుకోనే? పూజయ్యాక తీర్థంతో వేసుకున్నాను. గుండెల్లో ఒకటే మంట. మానేసేను" అన్నారు.

ఉద్ధరిణెడు తీర్థంతో! పైగా వేసుకున్న వెంటనే పడుకున్నారట. నేను కేకలేశాను. ఆవిడ నొచ్చుకోలేదు.

"తలనొప్పి మాత్రయితే తగ్గిందని తెలుస్తుంది. ఇది వేసుకుంటే ఏం తగ్గినట్టు? ఈ మాత్రలతో దవడ ఎముక పాడైపోద్దని కూడా అంటున్నారు వీధిలో. ఎలాగూ గోదాట్లో కలిపే ఎముకలే కదే, వీటికి మందెందుకు?"

ఆవిడ అడిగింది తప్పని ఇప్పటికీ అనను. జబ్బూ కనపడదు, గుణమూ కనపడదు, నమ్మమంటే ఎలా నమ్ముతారు? "మళ్లీ ఎక్కడైనా విరిగితే కుండ దగ్గర కూర్చోలేరు పిన్నిగారూ" అని మాత్రం అన్నాను. ఆవిడ తన మణికట్టు తడుముకుని, నా చేతిలోని మాత్రల అట్టలు తీసుకున్నారు.

మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ కోప్పడలేదు. ముందు మంటకు మందిచ్చారు. దవడ పాడవడం చాలా అరుదని ఓపిగ్గా చెప్పి, ముందుజాగ్రత్తగా పళ్లు చూపించుకోమన్నారు.

"మాత్రకి ముందు దీపం పెట్టుకోవచ్చాండి?" అని అడిగారు పిన్నిగారు.

"పెట్టుకోండమ్మా. తీర్థం మాత్రం అరగంట ఆగి తీసుకోండి."

ఇంత చిన్న ప్రశ్న ముందే అడగాలని మాకు తోచలేదు.

ఆ తర్వాత వంగే పని లేకుండా వాళ్లబ్బాయి పొయ్యిని ఎత్తుగా కట్టించాడు. గుండెల్లో మంట తగ్గాక మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. ప్రతి బుధవారం దీపం పెట్టగానే నేను పెద్ద గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లేదాన్ని. మాత్ర మింగి ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. ఆ అరగంట కుండ ముందు నా వంతు. నా రేకులు చిరిగిపోతుంటే, "చెయ్యి భయపడితే రేకు చిరిగిపోద్ది. కాఫీ లేక నా ప్రాణం పోతోంది, తొందరగా నేర్చుకో" అని విసుక్కునేవారు. నాకు వచ్చిన ఈ కాస్త పని ఆ అరగంటల్లో అబ్బిందే. అందుకు ఆవిడకు ఎప్పుడూ దణ్ణం పెట్టలేదు, అదే బాధ.

మొన్న బుధవారం పొద్దున్నే వాళ్లబ్బాయి అస్థికలు కలపడానికి గోదారికి బయల్దేరాడు. మా గుమ్మం ముందు ఆగాడు.

"మీరోసారి చూస్తారని ఆగేనండి, అక్కా" అన్నాడు. చేతుల్లో తెల్లగుడ్డ కట్టిన చిన్న కుండ.

మూడేళ్లలో మళ్లీ ఒక్క ఎముకా విరగనివ్వలేదు పిన్నిగారూ, అనుకున్నాను. అతను వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. అలవాటు కొద్దీ నింపిన పెద్ద గ్లాసుడు నీళ్లు నా చేతిలో అలాగే ఉన్నాయి.