అత్త కవర్లతో వేసిన రోడ్డు

బంగారు గని మూతపడిన కొన్నేళ్ళకు కోడలిగా ఆ గనివాళ్ళ ఊరు కోరమండల్‌కు వచ్చాను. నాకు రోడ్ల ఆఫీసులో జూనియర్ ఇంజనీరు ఉద్యోగం. మామ గనిలో పనిచేసి, అప్పటికి ఇంటిపట్టునే ఉంటున్నారు. అత్తది చిత్తూరు వైపు పల్లె. ఆమెకు ఒక ట్రంకుపెట్టె ఉండేది. దాని నిండా ప్లాస్టిక్ కవర్లు. పాలవి, మిఠాయి అంగడివి, పెళ్ళిచీరలు కొన్న కొట్టువి అన్నీ కడిగి, ఆరబెట్టి, తాంబూలపు చిలకల్లా మడిచి దాచేది. పక్కింటావిడ కరివేపాకు అడిగితే కొంగులో పోసి పంపేది గాని కవరు ఇచ్చేది కాదు.

ఆ ఏడు మా లైన్ల ముందు, అంటే గనివాళ్ళకు వరుసలుగా కట్టిన ఇళ్ళ ముందు, రోడ్లను ప్లాస్టిక్ కలిపి వేసి చూడమని ఆఫీసులో నాకు అప్పగించారు. పద్ధతి సులువే. కవర్లను సన్నగా తురిమి వేడి కంకర మీద చల్లితే, కరిగి ప్రతి రాయికీ పొరలా పట్టుకుంటాయి. ఆ తర్వాత తారు కలిపితే రాయినీ తారునూ వాననీళ్ళు అంత తొందరగా విడదీయలేవు. అయితే కవర్లు జనమే ఇవ్వాలి. ఏ లైను ముందు ఇస్తే దానికే ముందు రోడ్డు అని నేనే చాటించాను. పక్క లైనువాళ్ళు మూటలు కట్టి తెచ్చారు. మా లైనులో మాత్రం, ఇంజనీరు ఇంటినుంచే ఒక్కటీ రాలేదు, మేమెందుకివ్వాలని కూర్చున్నారు.

ఇక అత్తనే అడిగాను. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"రోడ్డుకు కవరెందుకమ్మా? దానికేమన్నా చలి పెడతా ఉండాదా?"

మామిడికోతలకు ఆమె శ్రీనివాసపురంలో ఉన్న మా ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. బస్సెక్కించి వచ్చి నేను పెట్టె ముందు నిలబడ్డాను. తాళం వేసి ఉంది. మామ పేపరు చదువుతున్నారు.

"తాళంచెవి ఆవాల డబ్బాలో ఉండాది" అన్నారు. "నేను మాత్రం చెప్పలేదు."

ఇద్దరం కలిసి పెట్టె ఖాళీ చేశాం. అడుగున పాత పేపర్లు నింపి, పైన ఒక్క వరుస మాత్రం కవర్లు పేర్చాం. ఆ పేర్చడంలో మామ చూపిన ఓపిక ఇంకే ఇంటిపనిలోనూ నేను చూడలేదు. మా మూట చూశాక లైనంతా కదిలింది. పక్క లైను తర్వాత, వారంలో మా రోడ్డూ పడింది.

అత్త రెండు బుట్టల మామిడిపళ్ళతో దిగింది. ఇరుగుపొరుగుకు పంచాలని పెట్టె తెరిచి కవర్లు తీసింది. పైవరుస అయిపోగానే చేతికి పేపరు తగిలింది. మూత వేసి, వీధిలోకి వెళ్ళి, రోలరు పక్కన టీ తాగుతున్న మేస్త్రీని తన కవర్లు యాడ పడినాయని అడిగింది. అతను గడుసువాడు. సరిగ్గా మీ గుమ్మం ముందే, పెద్దమ్మా అన్నాడు. మర్నాటినుంచి మా గుమ్మం ముందు కూరగాయల బండి ఆపితే, నా పట్టుచీర కవర్ల మీద నిలబెట్టినావే అని తోలేసేది.

నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు భయం.

తర్వాతి లైనుకు కవర్లు పోగుచేసేటప్పుడు మూటలు నేనే తనిఖీ చేస్తున్నాను. ఒక మూటలో నీలం రెయిన్‌కోటు, రెండు ముక్కలుగా కత్తిరించి కనిపించింది. ఆ రకం ప్లాస్టిక్ వేడి చేస్తే విషపు పొగ వస్తుంది, కలపకూడదు. పైకెత్తి చూపి, ఎవరిదిది, ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదా అని అందరి ముందూ గట్టిగా అడిగాను. చివరికి మేస్త్రీ మెల్లగా, మీదే కదా మేడమ్ అన్నాడు.

అత్త కవర్లు ఇచ్చేవాళ్ళ వరుసలో వెనక నిలబడి ఉంది.

"నువ్వు అడగకుండా తీసుకున్నావు, నేను అడగకుండా ఇచ్చినాను. ఇంగ సరిపోయింది" అంది.

లైనంతా నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఆ వానాకాలమంతా గొడుగుతోనే సైటుకు తిరిగాను. ఎదురుగాలికి అది తిరగబడినప్పుడల్లా మామ కిటికీలోంచి చూసి దగ్గినట్టు నటించేవారు.

మా రోడ్డు ఆ వానలకు చెక్కు చెదరలేదు. తర్వాత ఎప్పుడో నీళ్ళ పైపు బాగుచేయడానికి ఒకతను గడ్డపార పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చాడట. అత్త అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, గడ్డపార లోపల పెట్టేసింది. కబురు అంది నేను పరుగున వచ్చేసరికి అతను మూడో గ్లాసు మీదున్నాడు.

"మా ఇంజనీరమ్మ యాడ తవ్వమంటే ఆడే తవ్వు" అంటోంది అత్త. అప్పటిదాకా నేను ఆమెకు ఉత్త కోడల్నే.