గూట్లో మోగే ఫోను

మా నాన్నకు, మేం పిలిచే బాపుకు, షుగరు. ఒకసారి గోదావరిఖని కూరగాయల మార్కెట్లో కళ్లు తిరిగి పడిపోయాడు. ఎవరికి కబురు పెట్టాలో జనానికి తెలియలేదు. అందుకే ఆయనకో ఫోను కొని, చేత పట్టించే పని నెత్తినేసుకున్నాను.

అబ్బా, ఆ ఫోన్లు చేసేవాళ్ల ఇళ్లలో ముసలివాళ్లు లేరా? నొక్కేదొకటి, తెరుచుకునేదొకటి, మధ్యలో ప్రకటనలు. కూర్చుని అడ్డమైనవన్నీ పీకేశాను. అక్షరాలు పెద్దవి చేశాను. తెర మీద నా ఫోటో, అమ్మ ఫోటో మాత్రం ఉంచాను, ముట్టుకుంటే కాల్ వెళ్లేలా. బొగ్గు పనిలో మొద్దుబారిన వేళ్లు కదా, బాపు గట్టిగా అదిమేవాడు.

"మెల్లగ, బాపూ! అద్దం పలుగుతది!"

"గింత సుతారం నాకెట్ల వస్తదే?" అని ఆయనా కసిరేవాడు. ఎలాగో నేర్చుకున్నాడు.

మర్నాడు చౌరస్తాకు వెళ్లినవాడు చీకటి పడ్డా రాలేదు. కాల్ చేస్తే ఫోను మా వంటింటి గూట్లో మోగింది. ఆయన తీరిగ్గా వచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోతోంది.

"మర్చిపోయినవా?"

"మర్చిపోలే. తీసిపెట్టి పోయిన. బయటికి పోయేటప్పుడు జేబులు ఖాళీ చేస్త గదా."

నిప్పు రాజుకుంటుందని గనిలోకి అగ్గిపెట్టె, బీడీలాంటివేవీ తీసుకెళ్లకూడదు. ఉద్యోగమున్నన్నాళ్లూ అవన్నీ గూట్లో పెట్టే డ్యూటీకి బయల్దేరాడు. రిటైరై ఏళ్లయింది, ఆ చేతులకు ఆ సంగతి చెప్పేదెవరు? తలుపు మీద కాగితం అంటించాను. బయటికి వెళ్లే వేళకు అలారం పెట్టాను. అలారం ఆపి మరీ ఫోను గూట్లో పెట్టి వెళ్లేవాడు! నేను తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

చివరికి అమ్మ, "నీతోని కాదు గానీ, జరుగు" అంటూ గడపకు అడ్డంగా నిలబడింది.

"చేతులు లేపు!"

అచ్చం గని దగ్గర తనిఖీ చేసేవాడి గొంతు. బాపు టక్కున రెండు చేతులూ ఎత్తాడు. అమ్మ జేబులు తడిమి చూసింది.

"ఫోను లేదు. ఎనుకకు పో."

బాపు వెళ్లి గూట్లోంచి తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచీ తనిఖీ కానిదే అమ్మ ఆయన్ను కదలనివ్వలేదు.

మొన్న మధ్యాహ్నం నా ఫోను మోగింది.

"బిడ్డా, కండ్లు తిరుగుతున్నయి. బస్టాండు కాడ కూసున్న. జల్ది రా."

ఎలా వెళ్లానో నాకే తెలియదు. చెమటతో తడిసి ముద్దయి ఉన్నాడు. షుగరు పడిపోయినట్టుంది, గ్లూకోజు కలిపి తాగించాను. కాసేపటికి తేరుకుని, మెల్లగా అన్నాడు.

"మీ అమ్మకు చెప్పకు. రేపటి సంది గడప దాటనియ్యది."

ప్రాణం మీదికొస్తే ఈయన ఫికరు ఇదీ! కోపం, ఏడుపు కలిసి తన్నుకొచ్చాయి. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇల్లు చేరేదాకా వదల్లేదు.